వానాకాలపు కండ్లకలక: ఇంట్లో, మందుల దుకాణంలో, ఆసుపత్రిలో జాగ్రత్తలు

తొలకరి తరువాత బడులు, వసతిగృహాలు నిండిన కొద్ది వారాలకే కంటి ఆసుపత్రుల ఓపీలో ఎర్రకళ్లతో వచ్చేవారి వరుస పెరుగుతుంది. 2023 జూలై, ఆగస్టు నెలల్లో రెండు తెలుగు రాష్ట్రాలతో పాటు దేశంలో అనేక చోట్ల కండ్లకలక ఒక్కసారిగా వ్యాపించింది. ఆ వరుసలో నిలబడేవారిలో ఎక్కువమందిది వైరస్ వల్ల వచ్చి దానంతటదే తగ్గిపోయే కండ్లకలకే అయినప్పటికీ, నల్లగుడ్డు మీద పుండు పడినవారు, కంటి లోపలి పొర వాచినవారు కూడా వారి మధ్యనే ఉంటారు. అందరికీ కన్ను ఎర్రగానే కనిపిస్తుంది కాబట్టి, సీజన్ నడుస్తున్న రోజుల్లో ఆ కొద్దిమంది జబ్బును కూడా కండ్లకలకగానే లెక్కగట్టి ఇంట్లో కూర్చోబెట్టడం జరుగుతూ ఉంటుంది.

కండ్లకలక ఉన్నవారి కళ్లలోకి చూస్తే అంటుకుంటుందనేది వట్టి అపోహ. కన్ను నలిపిన చేతి తడి తలుపు గడియకు, నీళ్ల మగ్గుకు, సెల్‌ఫోనుకు అంటి, అక్కడి నుంచి మరొకరి చేతికి, ఆ చేతి నుంచి కంటికి చేరుతుంది. నల్లకళ్లద్దాలు వెలుతురు బాధను తగ్గిస్తాయే తప్ప ఈ దారిని మూయలేవు. తరచుగా కారణమయ్యే అడెనోవైరస్ ఎండిన వస్తువుల మీద రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి బతికి ఉండగలదు. దానికి కొవ్వు పొర లేనందువల్ల శానిటైజరు దాని మీద అంతగా పనిచేయదు. అందుచేత సబ్బుతో, పారే నీటి కింద చేతులు కడుక్కోవడమే మేలు. తువ్వాలు, దిండు గలీబు, చేతిరుమాలు ఎవరివి వారికే ఉండాలి. కాటుక భరిణె అక్కచెల్లెళ్ల మధ్య తిరగకూడదు. కళ్లు నీరు కారుతున్నన్ని రోజులూ పిల్లలను బడికి పంపకపోవడం తోటి పిల్లలకు చేసే ఉపకారం.

కాచి చల్లార్చిన నీటిలో తడిపిన శుభ్రమైన దూదితో కంటిని తుడిచి, ఆ దూదిని వెంటనే పారవేయాలి. చల్లని తడిబట్ట కాపడం మంట తగ్గిస్తుంది. చనుబాలు, ఆముదం, ఆకుపసర్లు కంట్లో వేయకూడదు.

అసలు ప్రమాదం మందుల దుకాణంలో ఉంది. "కళ్లు ఎర్రబడ్డాయి, చుక్కల మందు ఇవ్వండి" అని అడిగితే, యాంటీబయాటిక్‌తో స్టెరాయిడ్ కలిసిన సీసా చేతికి రావడం మన ఊళ్లలో కొత్త కాదు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు; స్టెరాయిడ్ మాత్రం రెండు రోజుల్లో ఎరుపును తగ్గించి జబ్బు నయమైనట్టు నమ్మిస్తుంది. నాట్ల వేళ వరి ఆకు కోసుకున్న కంటిలో, కోతల వేళ గింజో దుమ్మో తగిలిన కంటిలో ఫంగస్ చేరి ఉంటే, అదే చుక్క ఆ పుండును లోతుకు దిగనిస్తుంది. చివరకు మిగిలేది తెల్లని పువ్వు, పోయేది చూపు. ఆ మందును నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు కూడా రావచ్చు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ వంటి పేర్లు కనిపిస్తే, కంటి వైద్యుని చీటీ లేకుండా దాని మూత తీయకండి. విచిత్రమేమిటంటే, కంటి లోపలి పొర వాచే యువైటిస్‌కు చాలాసార్లు ముఖ్యమైన మందు ఆ స్టెరాయిడే. అయితే అది ఎవరికి, ఎంతకాలం అవసరమో కంటిని పెద్దదిగా చేసి చూపే స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో కన్నును పరీక్షించినవారు చెప్పాలి గాని, కౌంటరు వెనక నిలబడ్డవారు కాదు.

కండ్లకలకలో కన్ను గరగరలాడుతుంది, పుసి కడుతుంది, కాని తుడుచుకుంటే చూపు సాధారణంగా తేటగానే ఉంటుంది. కంటిలో పోటు, వెలుతురు చూడలేకపోవడం, తుడిచినా పోని మసక, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వంటివి కనిపిస్తే అదే రోజు కంటి వైద్యుని వద్దకు వెళ్లాలి. కంటికి దెబ్బ తగిలినవారు, కాంటాక్ట్ లెన్సులు వాడేవారు కూడా ఆలస్యం చేయరాదు. లెన్సులు వెంటనే తీసివేయాలి. నెల నిండని పసికందు కన్ను ఎర్రబడి పుసి కడితే రాత్రయినా ఆగకూడదు. ఎరుపు మళ్లీ మళ్లీ వస్తూ, ఉదయం లేవగానే నడుము బిగుసుకుపోయే అలవాటు కూడా ఉంటే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. యువైటిస్ కీళ్లవాతపు జబ్బులతోనూ, క్షయతోనూ ముడిపడి ఉండవచ్చు.

ఆసుపత్రిలోనూ జాగ్రత్త అవసరమే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకా నిర్మాణ కేంద్రాల్లో ఈ జబ్బు ఎంతగా వ్యాపించిందంటే దానికి షిప్‌యార్డ్ ఐ అనే పేరే పడింది; కార్మికుల కళ్లు చూసే వైద్యశాలల్లోని చేతులు, పరికరాలు కూడా దానిని మోశాయి. కాబట్టి వరుసలో కూర్చున్నప్పుడు కన్ను నలపకండి, కంటి పరీక్ష పరికరానికి గడ్డం ఆనించే పట్టీని తుడవమని మొహమాటం లేకుండా అడగండి, చుక్కల సీసా కొన కంటిరెప్పకు తగలనివ్వకండి. శుక్లాల ఆపరేషనుకు తేదీ ఖరారైనవారి కన్ను ఎర్రబడితే, ఆ సంగతి దాచకుండా ముందుగానే ఫోను చేసి చెప్పి, తేదీ మార్పించుకోవాలి.