గ్రీకు వాళ్ల మట్టి గుర్రం మన తిరుపతిలో చేసుకోవడం ఎట్లా

మ్యూజియం ఫోటోల్లో ఉంటుంది చూడండి, పొడుగు కాళ్ళు, సన్న నడుము, గొట్టం మూతి ఉన్న చిన్న గ్రీకు గుర్రం, దాన్ని మట్టితో చేద్దామనుకునే వాళ్లకి ఒక మాట ముందే చెప్పేస్తా, నిజం గుర్రం ఫోటో ఎదురుగా పెట్టుకోవద్దు. అది చూస్తూ చేస్తే మీరు గుర్రాన్ని చేస్తారు, వాళ్ల బొమ్మని కాదు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో, జామెట్రిక్ కాలం అంటారు దాన్ని, ఆ పనివాళ్లు కండరాలు చెక్కుతూ కూర్చోలేదు, గుర్రంలో బలం ఎక్కడుందో అక్కడ లావు పెట్టారు, మిగతా చోట నొక్కి పారేశారు. మెడ, వెనక తొడలు పెద్దవి, మధ్యలో ఏమీ లేదు అన్నట్టు ఉంటుంది. ఒలింపియాలో జ్యూస్ దేవుడికి మొక్కుబడిగా ఇచ్చిన ఇట్లాంటి కంచు, మట్టి జంతువులు వేలల్లో దొరికాయి, గుర్రాలు, ఎద్దులే ఎక్కువ. మనకి బోర్డర్ దాటి తమిళనాడులోకి వెళ్తే అయ్యనార్ గుళ్ల దగ్గర మట్టి గుర్రాలు వరసగా నిలబెట్టి ఉంటాయి కదా, అవి చూసిన వాళ్లకి మొక్కుబడి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మట్టి ఆన్‌లైన్‌లో కొనకండి, దండగ. పలమనేరు వైపు టెర్రకోట చేసే కుమ్మరోళ్లు ఉండారు, లేదంటే మీ దగ్గర్లో కుండలు చేసే వాళ్లని అడిగితే పిసికిన చెరువు మట్టే ఇస్తారు, ఒక కిలో చాలు. అందులో పాత పెంకు దంచి జల్లెడ పట్టిన పొడి, పది పాళ్లకి ఒక పాలు, కలిపి మళ్లీ బాగా పిసకండి, గాలి బుడగ మిగలకూడదు. పొడి కలిపితే ఆరేటప్పుడు పగుళ్లు తక్కువ వస్తాయి.

ఇప్పుడు అసలు పని. రెండున్నర సెంటీమీటర్ల లావు, 18 సెంటీమీటర్ల పొడవు ఉండేట్టు మట్టిని కడ్డీలా చుట్టుకోండి. రెండు చివర్లా 6 సెంటీమీటర్ల దాకా దారంతో నిలువుగా చీల్చండి, చీల్చినవి కిందికి వంచితే నాలుగు కాళ్లు వచ్చేశాయి, మధ్యలో మిగిలిందే ఒళ్లు. ఆ మధ్య భాగాన్ని బొటనవేలు చూపుడువేలు పెట్టి నొక్కుతూ తిప్పండి, నడుము సన్నబడాలి, అట్లని వేలంత చేసేయకండి. నేను చేసింది కాల్చడానికి తీసుకెళ్తే కుమ్మరి పెద్దాయన చేతిలో తిప్పి చూసి “ఏం నాయనా, ఇది గుర్రమా కుక్కా, తిండి పెట్టలేదా దీనికి” అని నవ్వినాడు, కానీ చెప్పిన మాట మాత్రం పనికొచ్చేది, నడుము సన్నం చేస్తే కాళ్ల మొదలు దగ్గర మట్టి ఎక్కువ ఉండాలంట, లేకపోతే ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, విరిగేది అక్కడేనంట. వెనక తొడలకి విడిగా మట్టి అతికించి ఉబ్బెత్తుగా చేస్తాం కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు, ముందు కాళ్ల దగ్గరే చూసుకోవాలి.

మెడ విడిగా చేసి అతికించాలి. పక్కనించి చూస్తే వెడల్పుగా, ఎదురుగా చూస్తే పలకలా పల్చగా ఉండాలి, పై అంచు గిల్లుకుంటూ పోతే అదే జూలు. తలకి చిన్న గొట్టం చుట్టి చివర పెన్సిల్ మొద్దు వైపు గుచ్చి కొంచెం తిప్పితే నాదస్వరం చివర లాగా విచ్చుకుంటుంది, ఈ మూతి కుదిరితే సగం గుర్రం వచ్చినట్టే. చెవులు రెండు గిల్లుళ్లు, అంతే. కళ్లు చాలా వాటికి ఉండవు, పెట్టాలనిపిస్తే పుల్లతో ఒక చుక్క. తోక నేల దాకా దించండి, కంచు వాటిల్లో కూడా తోక చాలా సార్లు కాళ్ల కింద ఉండే పళ్లెం దాకా వస్తుంది, పైగా మనకి ఐదో కాలు దొరికినట్టు. అతికించే ప్రతి చోటా రెండు వైపులా పుల్లతో గీతలు గీకి, జారుగా కలిపిన మట్టి రాసి అప్పుడు నొక్కండి, ఊరికే తడి చేసి అంటిస్తే ఆరినాక ఊడిపోద్ది.

పెద్దది చేయాలంటే ఈ లెక్క పనికిరాదు. లావు మట్టి లోపల తడి ఉండిపోయి కాల్చేటప్పుడు ఆవిరై పగలగొట్టేస్తుంది, అందుకే పెద్దవి లోపల బోలుగా ఉండాలి, గాలి పోవడానికి కన్నం ఉండాలి. దీనికి బెస్ట్ ఉదాహరణ గ్రీసులోనే యుబోయా దీవిలో లెఫ్కాండిలో దొరికిన సెంటార్, సగం మనిషి సగం గుర్రం, క్రీ.పూ. 900 ప్రాంతానిది, 36 సెంటీమీటర్ల ఎత్తు. దాని గుర్రం ఒళ్లు కుండ చేసినట్టు సారె మీద గొట్టంగా చేసిందే, కాళ్లు, పై మనిషి చేత్తో చేసి పెట్టారు. తల ఒక సమాధిలో, ఒళ్లు పక్క సమాధిలో దొరికాయి, మోకాలి మీద కావాలని చేసిన గాటు కూడా ఉంటుంది. నన్నడిగితే తర్వాతి కాలపు నున్నటి పాలరాతి గుర్రాలన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

ఆరబెట్టడం నీడలోనే. మన ఎండాకాలంలో మిద్దె మీద పెట్టినారంటే గంటలో కాళ్ల దగ్గర చీలికలొస్తాయి, ఫ్యాన్ కింద కూడా వద్దు. పల్చటి కవర్ వదులుగా కప్పి వారం ఉంచండి, నవంబర్ వానల్లో అయితే రెండు వారాలైనా పట్టొచ్చు. సగం ఆరి చేతికి గట్టిగా తగిలేటప్పుడు నున్నటి గులకరాయితో రుద్దితే మెరుపొస్తుంది.

రంగు దగ్గర చాలామంది ఆశపడేది గ్రీకు మట్టి బొమ్మల మీద కనిపించే నల్లటి గీతల మీద. గ్రీకు వాళ్లు వాడింది నల్ల రంగు కాదు, అదే మట్టిని నీళ్లలో తేర్చి తీసిన సన్నటి రసం, బట్టీలో ముందు గాలి ఇచ్చి, తర్వాత గాలి ఆపి పొగలో ఉంచి, మళ్లీ గాలి ఇస్తే రసం పూసిన చోట నల్లగా మెరుస్తూ ఉండిపోతుంది, మిగతా ఒళ్లు ఎర్రబడుతుంది. మామూలు ఆవంలో ఈ మూడు దశలూ కుదరవు, కాబట్టి కాల్చక ముందు జాజుతో, అంటే ఎర్ర మట్టి రంగుతో, గీతలు పెట్టుకోండి, లేదా కాల్చినాక నల్ల అక్రిలిక్ వేసుకోండి. మెడకి అడ్డ పట్టీలు, కాళ్లకి చుట్లు, ఒంటి మీద జిగ్‌జాగ్, ఇంతకు మించి నింపొద్దు.

కాల్చేటప్పుడు బొమ్మని ఒక పాత కుండలో పెట్టి ఆవంలో ఉంచమని అడగండి, మంట నేరుగా తగలదు. మట్టి ఆరి, కాలేసరికి దాదాపు పదో వంతు కుంచించుకుపోతుంది, కొలతలు ముందే కొంచెం పెద్దగా పెట్టుకోండి.

కంచులో కావాలంటే పద్ధతి ఇదే, మట్టి బదులు మైనం. ఆ చిన్న కంచు గుర్రాలు మైనంతో చేసి, చుట్టూ మట్టి మెత్తి, మైనం కరిగించి పోగొట్టి, ఆ ఖాళీలో కంచు పోసినవే, మన పంచలోహ విగ్రహాలు పోసేదీ ఇట్లాగే. తిరుపతిలో టీటీడీ శిల్ప శిక్షణ సంస్థలో లోహ శిల్పం నేర్పిస్తారు, పోత పని తెలిసిన వాళ్ల కోసం అక్కడ వాకబు చేయొచ్చు. 7 సెంటీమీటర్ల ఎత్తు మించొద్దు, కాళ్ల కింద మైనంతోనే పల్చటి పళ్లెం పెట్టండి, నాలుగూ కలిసి ఉంటే వంగవు, అసలు వాటికీ పళ్లెం ఉంటుంది, కొన్నిటికి దాంట్లో త్రికోణం కన్నాలు కూడా. రేటు మాట్లాడే ముందు మైనం బొమ్మని కాటాలో పెట్టి తొమ్మిదితో గుణించండి, కంచు బరువు దగ్గర దగ్గర అంత వస్తుంది, 60 గ్రాముల మైనానికి అర కిలో పైనే, పోత కాలవల్లో, అంటే కంచు లోపలికి పోసే దారుల్లో, ఉండిపోయే లోహం దానికి అదనం.