పాత సెయిల్‌బోట్ కొన్నారా, ఇంటికి తీసుకెళ్ళే ముందు ఇవి చూస్కోండి

సెకండ్ హ్యాండ్ సెయిల్‌బోట్ చేతికి రాగానే మనసంతా పాలిష్ మీద, కుషన్ల మీద, కొత్త చార్ట్‌ప్లాటర్ (సముద్రం మ్యాప్ మీద దారి చూపే స్క్రీన్) మీదే ఉంటుంది. అవన్నీ ఇంటికి చేరాక తీరిగ్గా చేస్కోవచ్చు. తీసుకెళ్ళే ప్రయాణానికి కావాల్సినవి నాలుగే, నీళ్ళు లోపలికి రాకూడదు, మాస్ట్ (తెరచాపలు కట్టే స్తంభం) నిలబడాలి, చుక్కాని పనిచేయాలి, ఇంజిన్ ఆగకూడదు. డబ్బైనా టైమైనా ముందు వీటికే పెట్టండి.

కొనేముందు చేయించిన సర్వే రిపోర్ట్ బానే వచ్చింది కదా అని వదిలేయొద్దు. సర్వేయర్ చూసింది చాలావరకు కదలకుండా ఉన్న బోటుని, మీరేమో దాన్ని రోజుల తరబడి అలల్లో తిప్పబోతున్నారు. పైగా ఏళ్ళ తరబడి జెట్టీకి కట్టేసి ఉన్న బోటుని, బాగా తిరిగిన బోటు కంటే ఎక్కువ అనుమానించాలి. వాడకపోతే రబ్బరు గట్టిపడిపోద్ది, వాల్వులు పట్టేస్తాయి, డీజిల్ పాడవుతుంది.

ముందు నీళ్ళ సంగతి. బోటు అడుగున ఉన్న ప్రతి సీకాక్‌నీ, అంటే నీళ్ళు వచ్చిపోయే రంధ్రానికుండే వాల్వుని, మీ చేత్తో మూసి తెరిచి చూడండి, ఒక్కటి కూడా వదలొద్దు. పట్టేసిన దాన్ని బలంగా తిప్పితే విరిగి నీళ్ళు లోపలికొస్తాయి కాబట్టి బోటుని నీళ్ళలోంచి తీసి ఒడ్డు మీద పెట్టినప్పుడే ఈ పని పెట్టుకోండి. ఫిట్టింగ్‌ని కొంచెం గీకి చూస్తే గులాబీ రంగు కనిపించిందంటే ఆ లోహంలోంచి జింక్ పోయిందన్నమాట, పైకి గట్టిగా ఉన్నా లోపల పెళుసు, మార్చేయండి. పైపుల క్లిప్పులకి తుప్పుంటే అవి కూడా మార్చాలి. ప్రతి సీకాక్ పక్కనా దానికి సరిపోయే మెత్తటి చెక్క బిరడా తాడుతో కట్టి పెట్టండి, చీకట్లో నీళ్ళు చిమ్ముతుంటే బిరడా ఎక్కడుందా అని వెతికే టైముండదు. బిల్జ్ (బోటు అడుగున నీళ్ళు చేరే చోటు) పంపుని స్విచ్ నొక్కి చూస్తే సరిపోదు, బిల్జ్‌లో నాలుగు బకెట్లు నీళ్ళు పోసి ఫ్లోట్ స్విచ్ దానంతటదే లేస్తుందా, నీళ్ళు నిజంగా బయటికి పోతున్నాయా చూడండి, చేత్తో కొట్టే పంపుని కూడా అలాగే.

తర్వాత మాస్ట్. దాన్ని పట్టి ఉంచే స్టీలు తీగల్ని గుడ్డతో పైనుంచి కిందికి తుడవండి, గుడ్డ ఎక్కడైనా పట్టుకుందంటే అక్కడ ఒక పోగు తెగింది, ఆ తీగ మార్చాల్సిందే. తీగ చివర ఫిట్టింగుల్లో సన్నటి పగుళ్ళు, తుప్పు చారలు ఉన్నాయేమో చూడండి. ఈ తీగలూ ఫిట్టింగులూ, అంటే రిగ్గింగ్, వయసు పదేళ్ళు దాటినా, ఎప్పుడు మార్చారో పాత ఓనరుకే తెలీకపోయినా, ఆ పని తెలిసిన రిగ్గర్‌ని మాస్ట్ పైదాకా ఎక్కించి చూపించకుండా బయల్దేరకండి. గాలిలేని రోజు జెట్టీ దగ్గరే తెరచాపలన్నీ ఎత్తి కుట్లు గోరుతో గీరి చూడండి, ఎండకి పాడైన దారం ఇట్టే తెగిపోద్ది. మెయిన్ సెయిల్‌ని చిన్నది చేసే రీఫింగ్ కూడా అక్కడే రెండు మూడుసార్లు ప్రాక్టీస్ చేయండి.

చుక్కాని విషయంలో చాలామంది మర్చిపోయేది ఎమర్జెన్సీ టిల్లర్, స్టీరింగ్ పాడైతే చుక్కానిని నేరుగా తిప్పే కడ్డీ. అది బోటులో ఉండటం వేరు, తీసి బిగించి తిప్పగలగడం వేరు. ఒకసారి బిగించి చూడండి, అడ్డంగా ఏదో తగులుతుందని అప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు డీజిల్, దీని మీద నేను ఎంత చెప్పినా తక్కువే. పాత ట్యాంకు అడుగున నీళ్ళు చేరతాయి, ఆ నీళ్ళకీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురులాంటి మడ్డి తయారవుతుంది. హార్బర్‌లో ట్యాంకు కదలదు కాబట్టి మడ్డి అడుగునే పడుంటుంది, ఇంజిన్ చక్కగా నడుస్తుంది, టెస్ట్ రైడ్‌లోనూ ఏమీ తెలీదు. బయట పెద్ద అలలు తగలగానే అదంతా కలిసి పైకి లేచి ఫిల్టర్‌ని మూసేస్తుంది, ఇంజిన్ ఆగిపోద్ది, అదీ ఎక్కువగా ఇంజిన్ అవసరమైన చోటే. అందుకే ట్యాంకు అట్టడుగు నుంచి కొంచెం డీజిల్ లాగి గాజు సీసాలో పోసి చూడండి, నల్లగా ఉన్నా అడుగున నీళ్ళు కనిపించినా ట్యాంకు శుభ్రం చేయించాకే ప్రయాణం. బాగున్నా సరే స్పేర్ ఫిల్టర్లు అరడజను పెట్టుకోండి. ఫిల్టర్ మార్చి, లైన్లో గాలి తీసి, మళ్ళీ స్టార్ట్ చేయడం జెట్టీ దగ్గరే మీరే స్వయంగా చేసి నేర్చుకోండి. కూలింగ్ పంపులో రబ్బరు ఇంపెల్లర్ (నీళ్ళు తోసే రెక్కల చక్రం) కొత్తది వేసి ఇంకోటి స్పేర్ ఉంచండి, పాతదాని రెక్క ఏదైనా ఊడిపోయుంటే అది ఇంజిన్ వేడి తీసే హీట్ ఎక్స్ఛేంజర్‌లో ఇరుక్కుందేమో వెతికి తీయండి.

బ్యాటరీలు, లైట్లు త్వరగానే అయిపోతాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఛార్జర్ తీసేసి కొన్ని గంటలాగి కొలిస్తే 12.7 వోల్టుల దగ్గరుండాలి, 12.2 అంటే సగమే ఉన్నట్టు. ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, వెనక తెలుపు లైట్లు రాత్రిపూట వెలిగించి జెట్టీ మీద నిలబడి చూడండి. బోట్లతో, ఒడ్డుతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో దూరానికి పనిచేస్తుందో లేదో ఎవరితోనైనా మాట్లాడి చూడండి, దానికి మాత్రం 16వ ఛానెల్ వాడకండి, అది ఆపద కోసం. ఇంకోటి, ఆపదలో నొక్కితే ఉపగ్రహం ద్వారా సాయం కోరే ఈపర్బ్ బీకన్ ఇంకా పాత ఓనరు పేరు మీదే రిజిస్టర్ అయ్యుంటుంది. మీరు ఆపదలో నొక్కితే రక్షణ సిబ్బంది ఫోన్ చేసేది ఆయనకి, కాబట్టి పేరు మార్పించి బ్యాటరీ గడువు కూడా చూస్కోండి. గ్యాస్ సిలిండర్ పైపు పాతదైతే మార్చేయండి, ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే బిల్జ్‌లోకి దిగి అక్కడే నిలిచిపోద్ది. ఇన్సూరెన్స్ ఈ ప్రయాణానికి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇవన్నీ అయ్యాక మంచి గాలున్న రోజు, 15 నాట్లదాకా (గంటకి ఒక నాటికల్ మైలు అంటే ఒక నాట్), పూట మొత్తం బయట తిప్పండి. ఒకరు స్టీరింగ్ పట్టుకుంటే ఇంకొకరు ఫ్లోర్‌బోర్డులు ఎత్తి నీళ్ళు ఎక్కడ్నించైనా వస్తున్నాయా చూడాలి. ఇంజిన్ మీద గంటసేపు పోనివ్వండి, ఎగ్జాస్ట్‌లోంచి కూలింగ్ నీళ్ళు ఆగకుండా వస్తున్నాయా అని మధ్యమధ్యలో చూస్తూ.

లెక్క దగ్గర ఆశపడొద్దు. సగటున 5 నాట్లంటే రోజుకి 120 నాటికల్ మైళ్ళు, ప్లాన్ మాత్రం 100కే వేసుకోండి. ఫలానా తారీఖున ఆఫీసులో ఉండాలని సెలవు బిగించి పెట్టుకుంటే వాతావరణం బాలేకపోయినా బయల్దేరాలనిపిస్తుంది, అదే అసలు ప్రమాదం, అందుకని అటూ ఇటూ రోజులు వదలండి. ఒడ్డున ఒకరికి రూటు, ఫోన్ చేసే టైములు, చేయకపోతే ఎవరికి చెప్పాలో రాసివ్వండి.

మొదటి రోజు ప్రయాణం చిన్నదిగా, పగటి వెలుతురులోనే ఇంకో హార్బర్ చేరేలా పెట్టుకోండి. చేరగానే డీజిల్ ఫిల్టర్ కింది గిన్నె, ఇంజిన్ ఆయిల్, బెల్టు, బిల్జ్, తాళ్ళు రాసుకుపోయిన చోట్లు అన్నీ మళ్ళీ చూడండి. గిన్నెలో నలుపు కనిపిస్తే అక్కడే ఆగి ట్యాంకు శుభ్రం చేయించండి, ముందున్నది ఎంత చిన్న దూరమైనా సరే.