వానలకి ముందే మట్టి కుండీల సంగతి చూసుకోండి

చెన్నైలో మిద్దె మీదో బాల్కనీలోనో మట్టి కుండీల్లో మొక్కలు పెంచేవాళ్ళకి వినాయక చవితి వెళ్ళాక దీపావళి వచ్చేదాకా ఉండే రోజులు చాలా విలువైనవి. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ మూడో వారానికి దిగుతాయి. ఇక డిసెంబర్ దాకా వాన ఎప్పుడు పడుతుందో, పడితే ఎన్ని రోజులు పట్టుకుంటుందో చెప్పలేం. నీళ్ళు పీల్చుకున్న కుండీని జరపడం, మూసుకుపోయిన కన్నం తెరవడం, బీట వారిన అంచుకి కట్టు కట్టడం వానలో తడుస్తూ చేసే పనులు కావు. ఇప్పుడే చేసుకోవాలి.

మట్టి కుండీల జాగ్రత్తలని నెట్‌లో వెతికితే సగం మంచు కురిసే దేశాల వాళ్ళు రాసినవే వస్తాయి. కుండీ గోడలో ఇంకిన నీరు గడ్డకట్టి, ఉబ్బి, కుండీని పగలగొడుతుందని, చలికాలంలో ఇంట్లో పెట్టుకోమని చెబుతారు. మనకి ఆ బాధ లేదు. మన దగ్గర నీరు బయటికి పోయే దారి లేక మొక్క చస్తుంది, గాలికి పడి కుండీ పగులుతుంది. వీటి తర్వాతే మిగతావి.

ముందు కన్నం చూడండి. చేత్తో చేసిన కుండీకి కుమ్మరి పచ్చిగా ఉన్నప్పుడే వేలితోనో పుల్లతోనో కన్నం పొడుస్తాడు. ఎండి, కాలేసరికి అది కాస్త కుంచించుకుపోతుంది. కొన్నిసార్లు సరిగ్గా నడిమధ్యన ఉండదు. అడుగు కొంచెం లోపలికి వంగి ఉంటే కన్నం దాకా రాని నీళ్ళు పక్కన నిలబడిపోతాయి. ఏడాది తిరిగేసరికి వేళ్ళూ మట్టీ కలిసి ఉన్న కన్నాన్ని కూడా మూసేస్తాయి. ఒక మగ్గు నీళ్ళు పోసి చూడండి. కాసేపటికి అడుగు నుంచి కారితే సరే. పైన అలాగే నిలబడి ఉంటే కుండీని గోనెసంచి మీద పక్కకి పడుకోబెట్టి, కింది నుంచి స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా పొడిచి దారి చేయండి.

కన్నం మరీ చిన్నదైతే మొక్కని బయటికి తీయక తప్పదు. ఖాళీ కుండీని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, గోడలకి వాడే డ్రిల్ బిట్‌తో, హ్యామర్ మోడ్ ఆపేసి, తక్కువ వేగంలో పెద్దది చేయొచ్చు. చేతులూ డ్రిల్లూ మాత్రం పొడిగా ఉండాలి. నొక్కకండి, బిట్ తన పని తాను చేసుకుంటుంది. చివర్లో తొందరపడితే అవతలి వైపు పెచ్చు ఊడిపోతుంది.

కన్నం మీద ఒక పెంకు ముక్క బోర్లించడం మంచిదే, మట్టి కొట్టుకుపోదు. కానీ అడుగున రెండు మూడు అంగుళాలు కంకర పోస్తే నీళ్ళు బాగా దిగుతాయన్న నమ్మకం సరైనది కాదు. మెత్తటి మట్టిలోని నీరు కింద ఉన్న రాళ్ళలోకి సులువుగా దిగదు, పైన మట్టి పూర్తిగా నానాకే వదులుతుంది. దాంతో బురద ఇంకా పైకి, వేళ్ళ దగ్గరికి వస్తుంది. కంకర బదులు మట్టినే గుల్లగా చేసుకోండి. వేసవికని కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపిన కుండీలు ఉంటే ముందు వాటినే చూడాలి, ఎందుకంటే అది నీటిని బాగా పట్టి ఉంచుతుంది. తులసి, అడీనియం లాంటివి వారం రోజులు నానితే చాలు, వేరు కుళ్ళిపోతుంది. వాటిని చూరు కిందికి మార్చేయండి.

ప్రతి కుండీ నేలకి ఒక అంగుళమైనా ఎత్తులో ఉండాలి. ఇటుక ముక్కలు మూడు పెడితే చాలు. నాలుగైతే నేల సమంగా లేనిచోట ఊగుతుంది. నేలకి అంటుకుని ఉన్న కుండీకి కన్నం ఉన్నా లేనట్టే, పైగా అడుగున తడి ఆరక మిద్దె కూడా పాడవుతుంది.

కింద పెట్టే పళ్ళేలన్నీ ఇప్పుడే తీసేయండి. వానాకాలంలో వాటితో పని లేదు. డెంగ్యూ దోమకి అంత నీళ్ళు చాలు, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. పళ్ళెం గోడకి అంటుకున్న గుడ్లు నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే నీళ్ళు పారబోసి ఊరుకోకుండా, పీచుతో గట్టిగా రుద్ది, బోర్లించి దాచండి.

ఇక పిట్టగోడ. ఈ విషయంలో మొహమాటం వద్దు. పిట్టగోడ మీద, బాల్కనీ గ్రిల్ అంచున, సన్‌షేడ్ మీద ఒక్క కుండీ కూడా ఉండకూడదు. చెబితే చాలామంది పెద్దవాళ్ళు "ఏం కాదులేమ్మా, అయిదేళ్ళ నుంచి అక్కడే ఉంది, కదిలిందా?" అంటారు. కదలని మాట నిజమే పిన్నీ, కానీ 2016 డిసెంబర్ 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు ఎన్నో ఏళ్ళుగా కదలని చెట్లు వేలల్లో కూలాయి. 12 అంగుళాల కుండీ మట్టితో తడిస్తే 20 కిలోలు దాటుతుంది. మూడో అంతస్తు నుంచి అది పడితే కింద నడిచే మనిషి బతకడు. తాడుతో కట్టాం కదా అనుకోకండి. తాడు మొక్కనో అంచునో పట్టుకుంటుంది, బరువంతా అడుగున ఉంటుంది. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అక్టోబర్ మొదట్లోనే గుర్తు చేయండి. తుఫాను హెచ్చరిక వచ్చాక అందరికీ వేరే టెన్షన్లు ఉంటాయి.

దించిన కుండీలని గోడవార గుంపుగా పెట్టండి, పెద్దవి బయటి వైపు, చిన్నవి లోపల. ఒకదానికొకటి తగిలేచోట పాత గోనెసంచి ముక్క పెడితే అంచులు కొట్టుకోవు. ఏ వైపు గోడ అన్నది కూడా ఆలోచించాలి. తుఫాను సముద్రం మీద నుంచి సూటిగా చెన్నై వైపు వస్తుంటే ముందు ఉత్తరపు గాలి కొడుతుంది. కేంద్రం మనల్ని దాటి పడమటికి వెళ్ళాక గాలి తిరగబడి దక్షిణం నుంచి వస్తుంది. కాబట్టి ఒక్క గోడ అండ చాలదు, మెట్ల గది మూల లాంటిది మంచిది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను ఇక్కడ తీరం దాటలేదు, బాపట్ల దగ్గర దాటింది. అయినా అది మన పక్కనుంచి వెళ్తూ కురిపించిన వానకే ఊరు మునిగింది. తీరం దాటేది ఎక్కడో కదా అని పని వాయిదా వేయకండి. పొడుగ్గా పెరిగిన మందారం, కరివేపాకు కుండీలని హెచ్చరిక రాగానే పక్కకి పడుకోబెట్టేయండి. నిలబెట్టి కాపాడటం కంటే అదే మేలు. ఉట్టిలా వేలాడదీసినవి దించేయండి.

ఎత్తేటప్పుడు అంచు పట్టుకోకండి. నీళ్ళు పీల్చిన కుండీ అంచు చంద్రవంకలా ఊడి చేతిలోకి వస్తుంది, కుండీ కాలి మీద పడుతుంది. అడుగున చెయ్యి వేసి ఇద్దరు ఎత్తాలి, లేదా గోనెసంచి మీదికి ఎక్కించి లాగాలి.

అంచులో సన్నని బీట కనబడితే పారేయనక్కర్లేదు. అంచు కింద మెడ చుట్టూ బైండింగ్ వైర్ రెండు చుట్లు చుట్టి, పట్టకారుతో మెలితిప్పండి. తీగ బిగిసిందనిపించగానే ఆపేయాలి, ఇంకొక్క మెలిక వేస్తే పగిలేది అప్పుడే. బీట అడుగు దాకా దిగి ఉంటే మాత్రం ఆ కుండీని పెంకులకి వాడుకోండి.

చేత్తో చేసినవి అన్నీ ఒక్కలా కాలవు. ఖాళీ కుండీని పైకెత్తి పట్టుకుని వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే బాగా కాలింది. మొద్దుగా చప్పుడైతే సరిగా కాలలేదు, లేదా కనబడని బీట ఉంది. మట్టి నింపినది ఎలాగూ మోగదు, దాన్ని అడుగు దగ్గర బొటనవేలితో రుద్ది, పొడి రాలుతుందేమో చూడండి. కొత్తదైతే ఒక రోజు నీళ్ళలో ముంచి ఉంచండి. బుడగలు రావడం మామూలే. నీళ్ళు ఎర్రబడితే కంగారు పడొద్దు, పైన పూసిన జాజు, అంటే ఎర్రమట్టి పూత, కావచ్చు. కడిగి మళ్ళీ ముంచండి. రెండోసారి కూడా ఎర్రటి బురద వేలికి అంటుతుంటే అది సరిగా కాలని కుండీ, వానకి పొరలు పొరలుగా రాలుతుంది. దాన్ని వరండాలో ఉంచుకోండి.

కొన్నిటి మీద చిన్న గుంట పడి, మధ్యలో తెల్లటి గింజ కనిపిస్తుంది. మట్టిలోని సున్నపురాయి ముక్క ఆవంలో (కుమ్మరి కుండలు కాల్చే బట్టీలో) కాలి, తర్వాత తేమ తగిలి ఉబ్బి పైపొరని నెట్టేస్తుంది. ఒకటి రెండు ఉంటే ఫర్వాలేదు, అంచు మీద గుంపుగా ఉంటే బరువైన మొక్క పెట్టకండి.

బయట తెల్లగా పొడిలా పేరుకునేది చాలాసార్లు బూజు కాదు, ఉప్పు. బోరు నీళ్ళలోని లవణాలు, వేసిన ఎరువులు గోడలోంచి బయటికి వచ్చి ఆరిపోతాయి. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి చోట్ల సముద్రపు గాలి కూడా తోడవుతుంది. చూడ్డానికి పర్లేదుగానీ, రంధ్రాల్లో గట్టిపడి పెరిగే కొద్దీ పైపొరని పగలగొడుతుంది. వానకి ముందు పొడి బ్రష్‌తోనే రాల్చేయండి. తడి గుడ్డతో తుడిస్తే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. ఎనామిల్ పెయింట్ వేస్తే ఆగుతుందనుకుంటారు, తడి వెనక నుంచి నెట్టి ఆ పెయింటే బుడగలు లేస్తుంది.

ఎరువులు ఈ నెల ఆపండి. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి, మిద్దె మీది నీరు మీ బావికో ఇంకుడు గుంతకో పోతుంది. మొదటి వాన కుండీల్లోని మట్టినీ ఎరువునీ అటే తీసుకెళ్తుంది. మిద్దె మీద నీరు దిగే గొట్టం నోటి దగ్గర ఆకులు తీసేసి జాలీ పెట్టండి, ఆ చుట్టుపక్కల కుండీలు ఉంచకండి.

కొత్తవి కొనాలంటే ఇప్పుడే కొనండి, లేదా సంక్రాంతి దాటాక. వానల్లో ఎండ లేక కుండీలు పూర్తిగా ఆరవు, ఆరనివాటిని కాలిస్తే బీటలు తప్పవు. వానలు తగ్గాక కుండీలని తిరిగి సర్దేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకోండి, ఇటుకల సందుల్లో జెర్రులు, తేళ్ళు చేరి ఉంటాయి.