ప్రాథమిక పాఠశాలలో వ్యాయామ విద్య: ప్రతి బిడ్డా కదిలేలా పీరియడ్‌ను నడిపే తీరు

ఆటల పీరియడ్ ఎలా నడుస్తున్నదో తెలియాలంటే మైదానమంతటినీ కాకుండా ఒక్క బిడ్డను గమనించండి. చురుకుగా ఆడేవారిని వదిలి, వరుసలో ఎప్పుడూ చివరన నిలబడే ఒకరిని ఎంచుకొని, ఆ పీరియడ్ మొత్తంలో బంతి ఆ చేతికి ఎన్నిసార్లు వచ్చిందో, తన వంతు కోసం ఎంతసేపు ఎదురుచూడవలసి వచ్చిందో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. ముప్పై మంది పిల్లలు ఒకే బంతితో ఆడుతున్నప్పుడు దూరం నుంచి ఎంతో సందడిగా కనిపిస్తుంది గానీ, ఆ కాగితం మీద గీతలు చాలా తక్కువగా ఉంటాయి. ఇక్కడ చెప్పబోయే మార్పులన్నీ ఆ గీతలను పెంచడానికే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు వారం మొత్తం మీద సగటున రోజుకు కనీసం 60 నిమిషాలు ఒంటికి చెప్పుకోదగిన శ్రమ కలిగేలా కదలాలి. వారంలో కనీసం 3 రోజులు ఊపిరి వేగంగా తీయవలసివచ్చే ఆటలు, కండరాలకూ ఎముకలకూ బలాన్నిచ్చే పనులు అందులో ఉండాలి. ఈ గంటను బడి ఒక్కటే సమకూర్చలేదు. అందుకే ఉన్న కొద్ది సమయాన్ని వరుసల్లో నిలబెట్టి ఖర్చు చేయడం నాకు పెద్ద నష్టంగా అనిపిస్తుంది.

మొదట జట్లను చిన్నవి చేయండి. పదిహేను మంది చొప్పున రెండు జట్లకు బదులు నలుగురేసి ఆడే చిన్న ఆటలు ఏడెనిమిది ఒకేసారి నడిపితే బంతి ప్రతి ఒక్కరి దగ్గరకూ వస్తుంది. బంతులు చాలకపోతే పాత గుడ్డలను ఉండగా చుట్టి దారంతో బిగించినవి విసరడానికి, పట్టడానికి చక్కగా పనికివస్తాయి. ఇద్దరు నాయకులను నిలబెట్టి, వారికి నచ్చినవారిని ఒక్కొక్కరిగా కోరుకోమనే పద్ధతిని పూర్తిగా మానండి. అందరి ముందూ చివరిదాకా మిగిలిపోయిన బిడ్డకు ఆట మొదలుకాకముందే ఆట మీద మనసు విరిగిపోతుంది. జట్లను మీరే విభజించి, వారం వారం మార్చండి.

దొరికినవారు బయటకు వెళ్లి కూర్చోవలసిన ఆటల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. నెమ్మదిగా పరుగెత్తే పిల్లలే ముందు దొరుకుతారు కనుక, ఎవరికి సాధన ఎక్కువ కావాలో వారే ఎక్కువసేపు కూర్చుంటారు. దొరికినవారు గీత బయట ఐదుసార్లు గెంతి తిరిగి ఆటలోకి రావచ్చని నియమం మార్చితే ఆట ఉత్సాహం తగ్గదు, కూర్చునేవారూ ఉండరు.

ఇక నేర్పవలసిన అంశాలకు వద్దాం. ఈ వయసులో క్రికెట్, కబడ్డీ వంటి పూర్తి ఆటల నియమాల కన్నా వాటికి ఆధారమైన కదలికలు ముఖ్యం: పరుగెత్తడం, గెంతడం, ఒంటికాలితో కుంటడం, విసరడం, పట్టడం, తన్నడం, తూలకుండా నిలవడం. వయసు పెరిగితే ఇవి వాటంతట అవే వస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్షరాల్లాగే వీటినీ ఎవరో ఒకరు నేర్పాలి.

విసరడాన్నే దగ్గరగా చూడండి. సరిగా నేర్వని బిడ్డ గోడకు ఎదురుగా నిలబడి, పాదాలు కదల్చకుండా, మోచేతి నుంచి మాత్రమే బంతిని తోస్తుంది. కుడిచేతి వాటం బిడ్డ అయితే ఎడమ భుజం గోడవైపు ఉండేలా పక్కకు తిరిగి నిలబడమని, చేతిని బాగా వెనక్కి తీసుకెళ్లి, ఎడమ కాలు ముందుకు వేస్తూ విసరమని చెప్పండి. ఆ కాలు పడవలసిన చోట సుద్దముక్కతో పాదం గుర్తు గీస్తే చెప్పే మాటలు సగం తగ్గుతాయి. మొదట్లో చిన్న లక్ష్యాన్ని గురిచూడమనకండి. గురి మీద ధ్యాస పెట్టిన పిల్లలు బిగుసుకుపోయి మళ్లీ మోచేతితోనే తోస్తారు. దూరంగా నిలబెట్టి గోడకు గట్టిగా తగిలేలా విసరమంటే నడుము తిరగడం, కాలు ముందుకు పడడం సులభంగా వస్తాయి. గురి తర్వాత కుదురుతుంది.

పట్టడంలో చిక్కు భయం. బంతి ముఖం మీదికి వస్తుంటే చిన్నపిల్లలు తల తిప్పుకొని కళ్లు మూసుకుంటారు. గాలిలో మెల్లగా దిగే పలుచని గుడ్డతోనో బెలూన్‌తోనో మొదలుపెట్టి, తర్వాత నేల మీద ఒకసారి పడి లేచే పెద్ద మెత్తని బంతికి, ఆపైన నేరుగా వచ్చే చిన్న బంతికి మారితే ఆ భయం వదులుతుంది.

భద్రతకు కొన్ని స్థిరమైన అలవాట్లు చాలు. ఈల వినగానే ఎక్కడివారక్కడ ఆగడం మొదటి వారంలోనే సాధన చేయించండి. పరుగుపందెం గీతను గోడకు చాలా ముందే ముగించండి. గెంతినప్పుడు మోకాళ్లు వంచి చప్పుడు కాకుండా దిగమనండి. పిల్లలకు పెద్దల కన్నా తక్కువ చెమట పడుతుంది కాబట్టి ఎండ ముదిరాక కఠినమైన ఆటలు వద్దు. ఆటకు ముందు, మధ్యలో, తర్వాత నీళ్లు తాగించండి. ఉబ్బసం ఉన్న పిల్లలెవరో, వారి మందు ఎక్కడుందో ఆడించేవారికి తెలిసి ఉండాలి.

తరగతి గదిలో కదలిక ద్వారా బోధించేటప్పుడు నేను పాటించమనే నియమం ఒక్కటే: ఆ కదలికలోనే పాఠం ఉండాలి. పరుగెత్తి వెళ్లి అక్షరం రాసిన అట్టముక్క తీసుకురావడం మంచి పరుగే గానీ, ఆ పరుగుకూ ఆ అక్షరానికీ సంబంధం లేదు. నేల మీద 0 నుంచి 20 వరకు సంఖ్యారేఖ గీసి 7లోంచి 3 తీసివేయమన్నప్పుడు పరిస్థితి వేరు. చాలామంది పిల్లలు 7 మీద నిలబడే ‘ఒకటి’ అని లెక్కపెట్టి, 5 దగ్గర ఆగిపోతారు; వేళ్ల మీద, పలక మీద చేసే పొరపాటు కూడా ఇదే. ‘అడుగు వేశాకే లెక్కపెట్టు’ అని చెప్పి మళ్లీ నడిపిస్తే, లెక్కపెట్టవలసింది గడులను కాదు, వేసే అడుగులనని కాళ్లకే అర్థమవుతుంది.

గడియారం పాఠానికీ ఇది సరిపోతుంది. నేల మీద పెద్ద వృత్తం గీసి 12 అంకెలు వేసి, ఒకరిని నిమిషాల ముల్లుగా, మరొకరిని గంటల ముల్లుగా నడిపించండి. మొదటి బిడ్డ ఒక చుట్టు పూర్తిచేసేలోగా రెండో బిడ్డ ఒక్క అంకె దూరమే, అదీ కొద్దికొద్దిగా జరగాలి. మూడున్నర అయ్యేసరికి గంటల ముల్లు 3కూ 4కూ సరిగ్గా నడుమ నిలబడక తప్పదు. పుస్తకంలో బొమ్మ గీసేటప్పుడు దానిని 3 మీదే పెట్టే పిల్లలకు ఆ తేడా ఇక్కడ తెలిసివస్తుంది.

పాఠంతో సంబంధం లేని కదలికకూ చోటుంది, కానీ దానిని విరామమనే పిలవండి. స్కాట్లాండ్‌లోని స్టెర్లింగ్‌లో ఒక ప్రాథమిక పాఠశాల 2012లో మొదలుపెట్టిన డైలీ మైల్ పద్ధతిలో పిల్లలు బడి దుస్తుల్లోనే రోజూ 15 నిమిషాలు బయట తమకు వీలైన వేగంతో పరుగెత్తుతారు లేదా నడుస్తారు. సామగ్రి అక్కరలేదు, పోటీ లేదు.

వైకల్యం ఉన్న పిల్లలకు స్కోరు రాసే పని అప్పగించి సరిపెట్టకండి. చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డ ఆడేలా నేల గట్టిగా ఉన్న చోటును ఎంచుకోండి. చూపు తక్కువైన బిడ్డ కోసం బంతిలో గలగలలాడే గింజలు వేయండి. నియమం ఎలా మారిస్తే బాగుంటుందో ముందు ఆ బిడ్డనే అడగండి.

మార్కులు వేయవలసివస్తే ఎవరు ముందు వచ్చారనేది లెక్కలోకి తీసుకోకండి. విసిరేటప్పుడు ఎదురుకాలు ముందుకు పడుతున్నదా, పట్టేటప్పుడు కళ్లు బంతి మీద ఉన్నాయా, గెంతి దిగేటప్పుడు మోకాళ్లు వంగుతున్నాయా అనే మూడు ప్రశ్నలకు బడి తెరిచిన నెలలో ఒకసారి, సంవత్సరం చివర ఒకసారి ప్రతి పేరు ఎదుటా అవును, కాదు అని రాసి, తల్లిదండ్రులకు ఆ రెండు నమోదులనూ పక్కపక్కనే చూపించండి.