శ్రీకాకుళం, విజయనగరం నుంచి స్టాండప్ మొదలుపెట్టేవాళ్ళకి: మొదటి అయిదు నిమిషాలు ఎలా తయారుచేసుకోవాలి

మన వైపు నుంచి స్టాండప్ కామెడీ (ఒక్కరే మైక్ పట్టుకుని జనాన్ని నవ్వించడం) చెయ్యాలని ఉంది అనే కుర్రాళ్ళు, అమ్మాయిలు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. అందరిదీ ఒకటే డౌట్, ఇక్కడ కామెడీ క్లబ్బుల్లేవు, ఇంగ్లీషు అంతంతమాత్రం, యాస చూస్తే ఇలా, అసలు కుదురుతుందా అని. కుదురుతుంది. ఎలాగో కింద రాస్తున్నాను కానీ ముందు ఒక్కటి గట్టిగా చెప్పాలి, యాస మార్చుకుని మాత్రం స్టేజ్ ఎక్కొద్దు.

మన దేశంలో ఈ లైన్లో పైకొచ్చినవాళ్ళ జీవితాలు చూడండి. జానీ లీవర్ మన తెలుగాయనే, 1957లో కనిగిరిలో పుట్టి ముంబైలో పెరిగాడు, ఇంట్లో డబ్బుల్లేక ఏడో తరగతితోనే చదువు ఆగిపోతే రోడ్ల మీద సినిమా హీరోల గొంతులు పెట్టి పెన్నులు అమ్మాడు. తర్వాత హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో పనికెళ్ళాడు, అక్కడ ఫంక్షన్లో సొంత ఆఫీసర్ల గొంతులే దించేస్తే తోటి వర్కర్లు ఆ కంపెనీ పేరే ఆయనకి పెట్టేశారు. అంటే ఆయనకి సరుకు దొరికింది రోజూ పనిచేసే చోటే. రాజు శ్రీవాస్తవ్ 2005లో టీవీ లాఫ్టర్ చాలెంజ్‌తో దేశమంతా తెలిశాడు, ఆయన చేసిన గజోధర్ పాత్ర కాన్పూర్ వైపు మామూలు మనిషి. జాకిర్ ఖాన్ ఇండోర్ నుంచి వచ్చి 2012లో కామెడీ సెంట్రల్ అనే టీవీ చానెల్ పెట్టిన స్టాండప్ పోటీ గెలిచాడు, ఇప్పటికీ చెప్పేది హిందీలోనే. వీళ్ళెవరూ ఊరిని దాచుకోలేదు.

మన సంగతికొస్తే, ఏళ్ళ తరబడి సినిమాల్లో మన యాసని అమాయకపు వేషాలకీ పనివాళ్ళ పాత్రలకీ పెట్టి నవ్వించారు, నాకది ఇప్పటికీ బాధే. అందుకే తేడా బాగా పట్టుకోండి. యాస చూసి నవ్వడం వేరు, యాసలో చెప్పిన విషయానికి నవ్వడం వేరు. ఊరికే గట్టిగా ‘ఏటి బావు’ అని అరిస్తే వైజాగ్‌లో కూడా నవ్వుతారు కానీ ఆ నవ్వు మీది కాదు, అలాంటివి మీ సెట్ నుంచి, అంటే స్టేజ్ మీద చెప్పే మొత్తం సరుకులోంచి, తీసెయ్యండి. మీ పాత్ర తెలివిగా మాట్లాడాలి, గడుసుగా ఎదురు ప్రశ్న వెయ్యాలి, అదీ మన మాటల్లోనే.

ఒక్క మనిషి నిలబడి జనాన్ని గంటలు కూర్చోబెట్టడం మనకేం కొత్త కాదు కదా. హరికథ పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్. కథ నడుస్తుండగా మధ్యలో పిట్టకథ పెట్టి నవ్వించి మళ్ళీ కథలోకి లాక్కురావడం హరికథలో మామూలే, అవకాశం దొరికితే కూర్చుని చూడండి, టైమింగ్ నేర్చుకోడానికి ఏ వర్క్‌షాప్ కన్నా మంచిది.

ఇక రాయడం. ఫోన్లో నోట్స్ తెరిచి జోకులు రాయొద్దు, ముందు మీకు చిరాకొచ్చినవి, సిగ్గేసినవి, ఇంట్లో రోజూ గొడవయ్యేవి రాయండి. ఆమదాలవలస స్టేషన్లో మీకు సీటు దొరికేవరకూ కిటికీ వదలని మీ నాన్న, హైదరాబాద్ నుంచి పండక్కొచ్చిన బావ, కరెంటు పోయిన తుఫాను రాత్రి పక్కింటోళ్ళతో మాటలు, ఇవన్నీ సరుకే. అందులోంచి ఒకటి తీసి మీరు దానిమీద ఏమనుకుంటున్నారో ఒక్క వాక్యంలో చెప్పగలరేమో చూడండి. చెప్పలేకపోతే అది ఇంకా జోక్ కాదు, సంఘటనే.

ఇప్పుడు అసలు పని. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి నవ్వొచ్చే మాట మధ్యలో ఇరుక్కుపోయి ‘అని అడిగింది’ దగ్గర జోక్ చచ్చిపోతుంది. ఉదాహరణకి, ‘మా నానమ్మ వీడియో కాల్లో నా వెనక గది చూసి అద్దెంత అని అడిగింది.’ ఎవరూ నవ్వరు. ఇదే ఇలా తిప్పండి: ‘ఏడాది తర్వాత మా నానమ్మకి వీడియో కాల్లో కనిపించాను. కళ్ళజోడు పెట్టుకుంది. ఫోన్ దగ్గరికి తెచ్చుకుంది. నా మొహం కాదు, వెనక గోడ చూసింది. అద్దెంత?’ అక్కడ ఆగిపోవాలి. ‘అడిగింది’ లేదు, నానమ్మ గొంతే చాలు. జనం నవ్వుతుండగా ఇంకో చిన్న మాట తగిలించొచ్చు, ‘ఇంత గోడకే?’ లాంటిది, దీన్ని ట్యాగ్ అంటారు. నవ్వు తగ్గేదాకా ఆగండి, నవ్వు మీద మాట్లాడితే తర్వాతి లైన్ పోతుంది.

అయిదు నిమిషాలంటే తక్కువ అనుకోకండి, చాలా ఎక్కువ. రెండు మూడు టాపిక్‌లు చాలు, బాగా పేలేది చివరికి, దాని తర్వాత మంచిది మొదటికి. కాగితం చూసి బట్టీ పట్టకుండా నడుస్తూ పైకి చెప్పుకోండి, నాగావళి గట్టు మీద సాయంత్రం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడితే ఎవరూ వింతగా చూడరు.

ఎక్కడ చెప్పాలి అంటే కాలేజీ డే, హాస్టల్, వినాయక చవితి పందిరి, ఇవన్నీ మొదటికి సరిపోతాయి. కాస్త కుదిరాక వైజాగ్‌లో ఓపెన్ మైక్‌లకి, అంటే కొత్తవాళ్ళెవరైనా పేరిచ్చి కొద్ది నిమిషాలు చెప్పగలిగే షోలకి, పేరివ్వండి, విజయనగరం నుంచి రైలుకి గంట ప్రయాణమే, అయితే పేరిచ్చే ముందే రాత్రి తిరుగు బండి చూసుకోండి, అమ్మాయిలైతే తోడు ఒకరు ఉంటే ఇంట్లో ఒప్పించడం కూడా సులువు. స్టేజ్ మీద మైక్ చేతిలోకి తీసుకున్నాక స్టాండ్ వెనక్కి పెట్టెయ్యండి, మైక్ నోటికి దగ్గరగా ఉండాలి. వెనకనుంచి ఎవరో ఫోన్ లైట్ ఊపుతారు, టైమ్ అయిపోతోందని అర్థం, ముగించెయ్యండి. ఇంకొకరి టైమ్ తినడం ఈ లైన్లో చాలా పెద్ద తప్పు.

ప్రతిసారీ ఆడియో రికార్డ్ చేసుకోండి. మర్నాడు విని ఎక్కడ నవ్వారో పక్కన గీత పెట్టుకోండి, గీత లేని లైన్ రెండుమూడు చోట్ల చెప్పినా లేవకపోతే కొట్టెయ్యండి, మీకెంత ఇష్టమైనా సరే. యూట్యూబ్‌లో మాత్రం తొందరపడి పెట్టకండి, ఒకసారి అందరూ చూసేసిన జోక్ స్టేజ్ మీద సగం బలమే ఉంటుంది. వేరేవాళ్ళ జోక్ ఒక్కటి కూడా ఎత్తొద్దు, కులం పేరు, శరీరం, రంగు మీద నవ్వించొద్దు, చిన్న ఊళ్ళో అవతలివాడు రేపు సంతలో ఎదురొస్తాడు, వాడికి నొప్పి తెలుస్తుంది.

ఊళ్ళో ఫంక్షన్‌కి పిలిస్తే ఒప్పుకునే ముందు నాలుగు విషయాలు అడగండి: కుర్చీలు స్టేజ్‌కి దగ్గరగా ఉంటాయా, మైక్ పనిచేస్తుందా, పక్కన డీజే ఆపుతారా, మీ టైమ్ భోజనాలకి ముందా తర్వాతా. భోజనాల మధ్యలో అంటే మర్యాదగా వద్దనండి. డబ్బుల గురించి మొహమాటపడకండి, కనీసం రానుపోను ఖర్చు ముందే మాట్లాడుకుని ఫోన్లో మెసేజ్ పెట్టించుకోండి.