పెరటి కోళ్లకు పురుగుల మేత – మూడో పాఠం: మామిడి కాలం, ఎండల గండం

కిందటి రెండు పాఠాల్లో టబ్బులో గోధుమ పొట్టు పరిచి మీల్‌వర్మ్ పురుగులను (కోళ్ల మేతకు పెంచే ఒక రకం పెంకుపురుగు పిల్లలను) వదిలాం. విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్లో మచ్చపడిన కాయ చౌకగా దొరికేదీ, ఇక్కడి ఎండకు పురుగు చచ్చేదీ ఒకే నెలల్లో. అందుకే ఈ పాఠమంతా వేడి, తడి గురించే.

ఈ పురుగులు 25–30 డిగ్రీల మధ్య చక్కగా పెరుగుతాయి. 35 దాటితే మందగిస్తాయి, 40 దగ్గర చావులు మొదలవుతాయి. గుంపుగా ఉన్నచోట వాటి ఒంటివేడి తోడై, పొట్టు నడుమ గదిలో కన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. కాబట్టి మధ్యాహ్నం మూడింటికి థర్మామీటరును పొట్టులోకి గుచ్చి చూడండి, గది గోడకు కట్టి కాదు. ఎండాకాలం పొట్టు నాలుగు సెంటీమీటర్ల మందం చాలు; కిక్కిరిసిన టబ్బును రెండు చేయండి. రేకుల షెడ్డులో అసలు ఉంచొద్దు. ఇంట్లో చల్లని గోడ పక్కన పెట్టి, తడి గోనెపట్టా కిటికీకి కట్టండి. పట్టాను టబ్బు మీద కప్పితే ఆ చెమ్మ పొట్టులోకి దిగి బూజు పడుతుంది.

ఇక మామిడి. పండులో నూటికి ఎనభై పాళ్ల పైన నీరే, మాంసకృత్తులు ఒక పాలు కూడా ఉండవు. పురుగుకు మేత పొట్టే, పండు దాహానికి మాత్రమే. రసాలు వేయొద్దు, రసం కారి పొట్టు ముద్ద కడుతుంది. గట్టిగా ఉండే కలెక్టరు (తోతాపురి) దోరకాయ మేలు. మందు కొట్టిన తోట కాయ పురుగులను చంపేస్తుంది కనుక బాగా కడిగి, తొక్క తీసేయండి. రెండడుగుల టబ్బుకు 40–50 గ్రాముల ముక్కలు సాయంత్రం ఒక చిన్న రేకు మూత మీద పెట్టండి. తడి పొట్టుకు తగలదు. పొద్దున్నే మిగిలింది తీసేయాలి. పగలంతా ఉంచితే పండు ఈగలు చేరతాయి.

టబ్బు అంచున బూడిదలాంటి పొడి కదులుతుంటే అది పిండి నల్లి. తడి ఎక్కువైందని అర్థం. నాలుగు రోజులు పండు ఆపండి, పురుగులను జల్లించి కొత్త పొట్టులో వేయండి. పాత పొట్టును కోళ్లకు వేయకుండా పారేయండి. కొత్త పొట్టును ముందే మిరపకాయల్లా పట్టా మీద పలచగా పరిచి, మే ఎండలో ఒక పూట ఆరబెట్టి, చల్లారాకే వాడండి. చౌక కదా అని వరి తవుడు తెస్తుంటారు. అందులోని నూనె ఈ వేడికి త్వరగా ముక్కిపోతుంది, దాన్ని నిల్వ పెట్టుకోలేం. టబ్బు పెట్టిన బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచితే చీమలు ఎక్కవు. బల్లులు దూరకుండా టబ్బుకు సన్న జాలీ మూత ఉండాలి.

కోళ్లకు వరుస ఇది: చల్లగా ఉన్న తెల్లవారుజామున లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల దాణా), ఎండ ముదిరాక పండు, సాయంత్రం పురుగులు. పండు ముందు పెడితే పొట్ట నీళ్లతో నిండి దాణా తినవు, గుడ్లు తగ్గుతాయి. కోడికి 15–20 గ్రాముల పండు చాలు. ఇక్కడ రసాలు పనికొస్తాయి, టెంక తీసేయండి. పుచ్చకాయ తొక్క, బొప్పాయి, జామ కూడా పెట్టొచ్చు. బూజు పట్టిందీ, పులిసి సారా వాసన వచ్చేదీ వద్దు. సీతాఫలం కాలంలో గింజ ఒక్కటీ పోనీయకండి, అది విషం.

పచ్చి పురుగులో ఐదో వంతు మాంసకృత్తులు. కోడికి రోజుకు 10 గ్రాములు, అంటే సుమారు వంద పురుగులు పెడితే 2 గ్రాములు అందుతాయి. గుడ్లు పెట్టే కోడికి కావాల్సింది 16 గ్రాముల దాకా. దాణా మానేయమని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. దాణా ఖర్చు కొంత తగ్గుతుంది, అంతే. పురుగులో సున్నం బహు తక్కువ, అందుకే ఆల్చిప్ప నలగ్గొట్టి వేరే గిన్నెలో ఎప్పుడూ ఉంచండి. గుడ్డు పెంకు పలచబడితే ముందు ఆ గిన్నె ఖాళీ అయిందేమో చూడండి.

ఈ వారం పని: రోజూ మూడింటికి పొట్టు వేడి, పొద్దున తీసిన మామిడి బరువు రాసిపెట్టండి. మిగిలే ముక్క పదో వంతుకు మించితే మర్నాడు ఆ మేరకు తగ్గించండి. వచ్చే పాఠంలో ప్యూపాలను (పురుగు పెంకుపురుగుగా మారేముందు కదలక ఉండే దశ) మిగతా పురుగులు కొరకకముందే వేరు చేయడం.