హైదరాబాద్‌లో చిల్లర పనులు చేసుకుంటూ మ్యూజిక్ వదలకుండా ఉండటం ఎలా

ఊరి నుంచి గిటారో కీబోర్డో వీపున వేసుకుని కృష్ణానగర్‌లో దిగిన పిల్లలు నన్ను మొదట అడిగేది ఇదే: "అన్నా, ఇప్పటికి ఏ పని దొరికితే అది పట్టేయనా, మ్యూజిక్ సంగతి తర్వాత చూసుకుంటా." ఆ తర్వాత అనేది రాదు తమ్ముడూ. పని చెయ్యక తప్పదు, ఈ ఊళ్లో రూమ్ రెంటు ఎవరి కోసమూ ఆగదు, కానీ జీతం ఎంత అని అడిగే ముందు ఇంకో నాలుగు విషయాలు చూసుకోవాలి. ఆ పని నీ చేతుల్ని ఏం చేస్తుంది, గొంతును ఏం చేస్తుంది, చెవుల్ని ఏం చేస్తుంది, రోజూ నువ్వు ప్రాక్టీస్ చేసే ఆ గంటన్నరను మిగులుస్తుందా మింగేస్తుందా. ఇవి బాగుంటే రెండు వేలు తక్కువొచ్చినా ఆ పనే మంచిది.

ముందు ఒక కాగితం మీద రెంటు, కరెంటు, మెస్సు, పెట్రోలు, ఫోన్ రీఛార్జి, ఇంటికి పంపేది అన్నీ రాసుకో. ఈ మొత్తం నెలనెలా తప్పకుండా వచ్చే పని నుంచే రావాలి, ప్రోగ్రాముల మీద వచ్చే డబ్బును ఇందులో కలపకు. ప్రోగ్రాం డబ్బు స్ట్రింగులకు, కేబుళ్లకు, పాత బాకీలకు, మిగిలితే బ్యాంకులోకి. చేతిలో పైసల్లేని రోజు పస్తు పడుకోవద్దు. జీహెచ్‌ఎంసీ 2014లో మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనం సెంటర్లు ఊరంతా ఉన్నాయి, మధ్యాహ్నం అన్నం, పప్పో సాంబారో, కూర, పచ్చడి పెడతారు, అక్కడ లైన్లో నిలబడటానికి సిగ్గు పడాల్సిందేమీ లేదు. తెలంగాణ అమ్మాయిలకు 2023 డిసెంబర్ నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు అక్కర్లేదు కాబట్టి, ట్యూషన్లు బస్సు రూటు మీద పడేలా చూసుకుంటే దారి ఖర్చు మొత్తం మిగులుతుంది.

రూమ్ విషయం. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్ వైపు ఉంటే స్టూడియోలు దగ్గర, రాత్రి పదింటికి ఎవరైనా "కోరస్‌కి ఒక గొంతు తక్కువైంది, వస్తావా" అని పిలిస్తే నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు. అడ్వాన్సు చేతిలో పెట్టకముందే ఓనర్ ఆంటీకి "నేను వాయిస్తా ఆంటీ, పొద్దున ఈ టైమ్‌లో, ఇంతసేపు" అని స్పష్టంగా చెప్పు, తర్వాత తెలిస్తే ఖాళీ చేయమంటారు. డాబా మీద రేకుల రూమ్ అయితే శబ్దం ఎవరికీ పట్టదు, కానీ ఏప్రిల్, మేలో ఆ వేడికి గిటార్ మెడ వంగుతుంది, వీణ మీద మైనం మెత్తబడుతుంది, ఆ రెండు నెలలు వాయిద్యాన్ని కింద ఎవరింట్లోనైనా పెట్టుకో. కీబోర్డుకు హెడ్‌ఫోన్స్, డ్రమ్స్‌కు రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ చాలు. పాడేవాళ్లకే కష్టం, పీజీలో నలుగురు పడుకుని ఉండగా మంద్రస్థాయి సాధన కుదరదు. తెల్లారేసరికి కృష్ణకాంత్ పార్కుకు వెళ్లి ఒక మూల కూర్చుంటే వాకింగ్‌కొచ్చే పెద్దవాళ్లు ఏమీ అనరు.

ఇక ఏ పని? కాల్ సెంటర్ పాడేవాళ్లకు వద్దే వద్దు. ఏసీలో ఎనిమిది గంటలు ఆపకుండా మాట్లాడిన గొంతుతో సాయంత్రం రాగం తీస్తే జీర వస్తుంది, దాన్ని బలవంతంగా నెడితే ఇంకా పాడవుతుంది. వాయించేవాళ్లు చాట్ లేదా ఈమెయిల్ ప్రాసెస్ దొరికితే చేసుకోవచ్చు, అదీ పగటి షిఫ్ట్ అయితేనే. క్యాటరింగ్‌లో డబ్బు అదే రోజు చేతికొస్తుంది, భోజనం కూడా పెడతారు, అయితే వడ్డించే పని అడుగు, వంట దగ్గర గుండిగలు దించే పని, కూరగాయలు తరిగే పని తీసుకోకు. వేలు కాలితేనో తెగితేనో మృదంగం, తబలా, గిటార్ ఏదైనా వారం పదిరోజులు మూలనపడుతుంది.

డెలివరీలో ఉన్న సుఖం టైమ్ మన చేతిలో ఉండటం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆర్డర్లు బాగుంటాయి, ఆ పూట మాత్రం నడిపి సాయంత్రం ఖాళీ ఉంచుకో. రాత్రి ఆర్డర్లలో డబ్బు ఎక్కువన్న మాట నిజమే, కానీ రిహార్సల్స్, ప్రోగ్రాములు, స్టూడియో పిలుపులు అన్నీ రాత్రిపూటే. పైగా పొద్దంతా యాక్సిలేటర్ తిప్పిన కుడి మణికట్టు కీబోర్డు మీద, వయొలిన్ కమాను మీద తేడా చూపిస్తుంది. బండి దిగాక పది నిమిషాలు మణికట్టు, భుజాలు సాగదీసి, ఆ తర్వాతే వాయిద్యం ముట్టుకో. మంచి హెల్మెట్, మూతికి గుడ్డ తప్పనిసరి.

నన్నడిగితే అన్నిటికంటే మంచివి రెండు. ఒకటి హోమ్ ట్యూషన్లు. కూకట్‌పల్లి, నిజాంపేట, మణికొండ అపార్ట్‌మెంట్లలో పిల్లలకు కీబోర్డు, గిటారు, కర్ణాటక గాత్రం నేర్పించే మనిషి కోసం చూసే తల్లిదండ్రులు ఎంతోమంది ఉన్నారు. ఒకే కమ్యూనిటీలో ముగ్గురు నలుగురు పిల్లలు దొరికేదాకా ఓపిక పట్టు, లేకపోతే రోజులో సగం ట్రాఫిక్‌కే పోతుంది. సోమవారం నుంచి గురువారం దాకా పెట్టుకో, వారాంతాలు ప్రోగ్రాములకు కావాలి. ఫీజు నెల మొదట్లోనే తీసుకోవాలి, పిల్లాడు మానేసిన క్లాసుకు ఏం చేస్తావో కూడా అప్పుడే చెప్పెయ్యాలి. సినిమా పాట నేర్పమంటారు, నేర్పు, దానికి ముందు కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీలు, జంటలు, అలంకారాలు మూడు కాలాల్లో (మూడు వేగాల్లో) పిల్లాడితో పాటు నువ్వూ వాయించు, అది నీ సాధన కూడా అవుతుంది. నీకు స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే వెస్టర్న్ స్వరలిపి) వచ్చుంటే లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల గ్రేడ్ పరీక్షలకు తయారు చేసే టీచర్‌గా విలువ పెరుగుతుంది.

రెండోది సౌండ్ వాళ్ల దగ్గర హెల్పర్ పని. బరువులు మోయాలి, అర్ధరాత్రి లోడింగ్ ఉంటుంది, గ్లవుజులు లేకుండా ఏదీ ఎత్తకు. కానీ ఏ మైకు ఎక్కడ పెడితే ఫీడ్‌బ్యాక్ (కీచుమనే మోత) వస్తుంది, మానిటర్‌లో, అంటే స్టేజి మీద మనకు వినపడే స్పీకర్‌లో ఏం కావాలని ఎలా అడగాలి, కండెన్సర్ మైకుకు ఫాంటమ్ పవర్ (కేబుల్ గుండా ఇచ్చే కరెంటు) ఎందుకు, ఇవన్నీ కాలేజీలో దొరకని చదువు. ఆర్కెస్ట్రా లీడర్లందరూ పరిచయమవుతారు, వాళ్ల కీబోర్డ్ ప్లేయర్ రాని రోజు స్టేజి కిందే ఉన్న నువ్వే గుర్తొస్తావు. ఖాళీ ఉన్నప్పుడు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి జాకులు, వైరు కొనుక్కుని సోల్డరింగ్ నేర్చుకో, కేబుళ్ల మీద పెట్టే ఖర్చు బాగా తగ్గుతుంది.

ఏడాదిని తెలుగు క్యాలెండర్ చూసి ప్లాన్ చెయ్యాలి, ఇది చాలామంది పట్టించుకోరు. ఆషాఢంలో, మూఢంలో, ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి సంగీత్‌లు, రిసెప్షన్లు ఉండవు. శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం వస్తే ఒక్క ముహూర్తానికి మూడు పిలుపులు. పంచాంగం చూసి ఖాళీ నెలలకు డెలివరీ, క్యాటరింగ్ గంటలు పెంచుకో, ముహూర్తాల నెలల్లో తగ్గించు. డప్పు, డ్రమ్స్, ప్యాడ్స్ వాయించేవాళ్లకు మాత్రం ఆషాఢం ఖాళీ నెల కాదు. గోల్కొండలో బోనాలు మొదలైన దగ్గర్నుంచి లష్కర్ (సికింద్రాబాద్), లాల్ దర్వాజా దాకా తీన్‌మార్‌కు మనుషులు చాలరు. భాద్రపదంలో గణేశ్ మండపాలు, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప పడిపూజ భజనలు, డిసెంబర్‌లో చర్చిలు, 31 రాత్రి హోటళ్లు. భజన బృందాల్లో వాయించడాన్ని తక్కువ చూడకు, రిహార్సల్ లేకుండా ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా పట్టుకోవడం అక్కడే వస్తుంది.

డబ్బు మాట మొహమాటం లేకుండా మాట్లాడాలి. "అన్నా, సగం అడ్వాన్సు ఫోన్‌పే కొట్టండి, డేట్ బ్లాక్ చేస్తా" అని మర్యాదగా అను. తేదీ, హాలు, ఎన్ని గంటలు, సౌండ్ ఎవరిది, రాత్రి తిరిగొచ్చే బండి ఎవరిది, మొత్తం ఎంత, అన్నీ వాట్సాప్‌లో రాసి వాళ్లతో ఓకే అనిపించుకో. ఫంక్షన్ అయ్యేసరికి మెట్రో ఉండదు, శామీర్‌పేట నుంచో శంషాబాద్ నుంచో ఆటోకే సగం పోతుంది. మిగతా సగం హాలు దాటకముందే తీసుకో. కొంతమంది "పేమెంట్ లేదు కానీ పేరొస్తుంది" అంటారు. గుడిలోనో, ఎవరూ లాభం తీసుకోని సభలోనో అయితే సంతోషంగా ఫ్రీగా వాయించు. టికెట్ అమ్మే చోట, ప్లేటు లెక్కన బిల్లు వేసే చోట నీకు మాత్రం ఎందుకు ఇవ్వరు?

చెవుల గురించి గట్టిగా చెప్తున్నా. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటల దాకా ఉండొచ్చని అమెరికా వాళ్ల వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క, అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగమవుతుంది. అంటే 100 దగ్గర 15 నిమిషాలే. బరాత్‌లో డీజే బాక్సుల ముందు 100 సులువుగా దాటిపోతుంది. మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, ఎప్పుడూ జేబులో ఉంచుకో. ప్రోగ్రాం నుంచి వచ్చి పడుకున్నప్పుడు చెవిలో గుయ్యిమంటుంటే మర్నాడు హెడ్‌ఫోన్స్ పెట్టకు, అది తగ్గకపోతే డాక్టర్ దగ్గరకు వెళ్లు.

వారంలో ఒక్క సాయంత్రమైనా మంచి సంగీతం విను. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో, రవీంద్రభారతిలో టికెట్ లేని కార్యక్రమాలు బోలెడు. బంజారాహిల్స్ లామకాన్‌లో చాయ్, సమోసా ఖర్చుతో కొత్త మనుషుల్ని కలవొచ్చు, ఓపెన్ మైక్ ఉన్న రోజు సొంత పాట పాడొచ్చు. శాస్త్రీయం పద్ధతిగా నేర్చుకోవాలంటే రాంకోఠిలో 1952 నుంచి ఉన్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వైపు చూడు, ప్రైవేటు అకాడమీలకు వేలు పోసే ముందు ఒకసారి అక్కడ అడుగు. ఆకాశవాణి ఆడిషన్‌కు కూడా అప్లై చెయ్యి. బీ గ్రేడు వచ్చినా స్కూళ్లలో, సభల్లో నీ మాటకు బరువొస్తుంది, పైగా ఆ ఆడిషన్‌కు తయారయ్యే నెలలు నీ వాయిద్యాన్ని చాలా ముందుకు తీసుకెళ్తాయి.

సొంతంగా ట్యూన్ కట్టేవాళ్లు, పాట రాసేవాళ్లు ఎవరైనా కాగితం ముందు పెడితే ఇంటికి తెచ్చుకుని చదివి గానీ సంతకం పెట్టకండి. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, థియేటర్లో సినిమాతో కలిసి వినిపించేది తప్ప మిగతా వాడకాల మీద రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ సమాన వాటా ఉంటుంది, దాన్ని నిర్మాతకో మ్యూజిక్ కంపెనీకో రాసిచ్చేయడం కుదరదు. ఆ డబ్బు వసూలు చేసి పంచేది ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ), గాయకులు, వాయించేవాళ్ల కోసం ఇసామ్రా అని వేరే ఉంది, దాన్నే ముందు ఇస్రా అనేవాళ్లు. మొదటి పాట బయటికి రాగానే మెంబర్‌షిప్ తీసుకుని, ప్రతి పాటనూ అక్కడ విడివిడిగా నమోదు చెయ్యాలి. ఫ్రెండ్‌తో కలిసి చేసిన పాట అయితే ఎవరి వాటా ఎంతో రికార్డింగ్‌కు ముందే మాట్లాడుకుని ఇద్దరూ మెయిల్‌లో రాసుకోండి, పాట ఆడాక ఆ మాటెత్తితే స్నేహమే చెడుతుంది.